మట్టి హాజరు

సంసోను పేరులో బలముంది, గొంతులో అంతకు మించిన బలముంది, నెత్తిమీద మాత్రం ఒక్క వెంట్రుకకీ నిలబడే బలం లేదు. బీదర్ దగ్గర కమఠాణలో ఆయనకు సౌండు సర్వీసు ఉంది. పెళ్లికైనా ప్రార్థన కూటానికైనా ఓట్ల సభకైనా ఆయన డబ్బాలే మోగాలి. జాతర కుస్తీలకైతే డబ్బాలు అద్దెకు తీసుకునేవాళ్లు ఆయన నోటిని కూడా కలిపే మాట్లాడుకుంటారు. గోదా పక్కన బల్లెక్కి ఆయన మైకు పట్టాడంటే మైకు ఎక్కడ అయిపోయి మైకం ఎక్కడ మొదలయిందో ఎవరికీ అంతు చిక్కదు. కింద పడ్డ పహిల్వాను కూడా ఆయన మాటకు నవ్వుకుంటూ ఒళ్లు దులుపుకుని లేస్తాడు.

అలాంటి సంసోను ఈ ఏడు పక్కూరు చిమ్కోడ్ జాతర కోసం పళ్లు నూరుకుంటూ ఎదురుచూశాడు. నవ్వించడానికి కాదు, ఒకణ్ని నలుగురిలో నవ్వులపాలు చేయడానికి.

ఆ ఒకడు బాబురావు. బీదర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు. పొట్టిగా పీడీ సారు. పిల్లలు ఇంకాస్త పొట్టిగా పీడ సారు అంటారు. పేరు చివర్న రావు ఉంది సరే, తన ఆఫీసు గదిలోకి వచ్చినవాళ్లందరికీ ఆయన చెప్పేది కూడా అదే మాట: నువ్వు జట్టులోకి రావు.

ఆ మాట విన్నవాళ్లలో లీయా ఒకతి. సంసోను అక్క ఎస్తర్ కూతురు. చిమ్కోడ్ తాలీమ్‌లో పీరప్ప వస్తాదు చేతికింద చిన్నప్పటినుంచీ కుస్తీ నేర్చింది. మగపిల్లలు తప్ప ఎవరూ దిగని గోదాలోకి ఆడపిల్లల జోడీలు వచ్చాయంటే మొదటి కారణం ఆమె. కిందటేడు కాలేజీకి పతకం తెచ్చింది. ఈ ఏడు ఆఖరి సంవత్సరం. అంతర్ కళాశాలల పోటీలో గెలిస్తే యూనివర్సిటీ జట్టు, ఆ జట్టులో ఉంటే క్రీడాకారుల కోటాలో పోలీసు ఉద్యోగం. ఇంతవరకూ దారి తిన్నగానే ఉంది.

వానాకాలంలో లీయా తండ్రి మోసెస్‌కు పక్షవాతం వచ్చింది. ఎడమ చేయీ ఎడమ కాలూ పడిపోయాయి. ఆయన తోలే ఆటో వాకిట్లో నిలబడిపోయింది. ఆటో ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. అందుకని లీయా ఖాకీ చొక్కా తొడుక్కుని, ముఖానికి స్కార్ఫు చుట్టుకుని, కమఠాణకూ బీదర్‌కూ మధ్య తండ్రి ఆటో తోలడం మొదలుపెట్టింది. పొద్దున తాలీమ్, పగలంతా హ్యాండిలు. కాలేజీకి పోయేది తక్కువ, కాలేజీ ముందునుంచి పోయేది ఎక్కువ. హాజరు నూటికి డెబ్బై అయిదు ఉండాలన్నది నియమం. నియమంలో యముడు దాక్కుని ఉంటాడని అప్పటికి ఆ పిల్లకు తెలియదు.

జట్టు పేర్లలో తన పేరు లేదని తెలిసిన రోజు లీయా మేనమామను తోడు తీసుకుని బాబురావు గదికి వెళ్లింది. బాబురావు నియమాన్ని ముందు కన్నడంలో చదివాడు, తర్వాత ఇంగ్లీషులో చదివాడు, ఆఖరికి కాదన్నది మాత్రం తెలుగులో అన్నాడు. విద్యార్థికి జబ్బు చేసి, డాక్టరు చీటీ తెస్తే సడలింపు ఉందట. ఇంట్లోవాళ్లకు చేస్తే లేదట.

సంసోను బతిమాలాడు. మోసెస్ మంచంలో ఉన్నాడని, పిల్ల ఊరికే తిరగలేదని, కావాలంటే వచ్చి చూడమని చెప్పాడు. బాబురావు ఆయన వైపు చూడకుండా లీయానే అడిగాడు.

"పక్షవాతం నీకొచ్చిందా, మీ నాయనకొచ్చిందా?"

"నాయనకే సార్."

"మరి తగ్గితే ఆయన హాజరు తగ్గాలె. నీదెందుకు తగ్గింది?"

పక్క గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. జీవితమంతా ఇతరులను నవ్వించిన సంసోనుకు ఒక నవ్వు అంత చేదుగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఇంకో సంగతి బయటికొచ్చాక తెలిసింది. లీయా బరువులోనే ఆర్తి అని హుల్సూర్ పిల్ల ఉంది. ఒక్కో బరువుకూ కాలేజీ నుంచి ఒక్కరే. ఆర్తి హాజరు కూడా తక్కువే. కానీ ఆమెకు టైఫాయిడ్ వచ్చినట్టు చీటీ ఉంది. ఆ టైఫాయిడ్ సరిగ్గా వాళ్లన్న పెళ్లి రోజుల్లోనే వచ్చింది. బరాత్‌లో బ్యాండు ముందు ఆ పిల్ల వేసిన చిందుల వీడియో బీదర్‌లో చూడని ఫోను లేదు. అంత చురుకైన టైఫాయిడ్‌ను వైద్యులు కూడా చూసి ఉండరు. బాబురావు చీటీ చూశాడు, చిందులు చూడలేదు. ఆర్తి తండ్రి కాలేజీ కమిటీలో నలుగురికి కావలసినవాడు మరి.

"ఆటలకెల్లి ఎల్లగొట్టి ఆటోల కూసోవెట్టిండు బిడ్డా నిన్ను. ఊకోను. వీనికి మట్టి కరిపియ్యకపోతె నేను మైకు ముట్ట" అన్నాడు సంసోను.

లీయా హ్యాండిలు పట్టుకుని, తిన్నగా ముందుకు చూస్తూ ఇంటిదాకా తోలింది.

మట్టి అన్న మాట సంసోను నోట ఊరికే రాలేదు. బాబురావు సొంత ఊరు చిమ్కోడే. బీదర్‌లో ఇల్లు కట్టుకున్నాడు గానీ మనసు ఊరి జాతరలోనే ఉంటుంది. ఆఖరి కుస్తీకి జోడీ చేతులు కలిపే పెద్దమనిషి గోదా నడుమ జరీ తలపాగా, ఫేటా కట్టించుకుంటాడు. ఎన్నేళ్లుగానో ఆ ఫేటా కోసం బాబురావు తల దురద పెడుతోంది. ఈ ఏడు జాతర పెద్ద శంకరప్ప ఆయన పేరు ఖాయం చేశాడు. ఆ శంకరప్పే కాలేజీ కమిటీకి అధ్యక్షుడు కూడా.

అయితే ఆ గోదాకు ఒక వాడుక ఉంది. జాతరకు ముందు గోదా తవ్వే రోజున, అందులో కాలు పెట్టబోయే ప్రతివాడూ తన ఇంటి వాకిలి మట్టి పిడికెడు తెచ్చి పోయాలి. పహిల్వాను, పెద్దమనిషి, డప్పు కొట్టేవాడు, మైకు సంసోను, అందరూ. ఆ మట్టిలో నూనె, మజ్జిగ, పసుపు పోసి పీరప్ప వస్తాదు కాళ్లతో తొక్కి కలుపుతాడు. ఎవరి మట్టి గోదాలో లేదో వాడి కాలు గోదాలో పడకూడదు. అందరి మట్టీ కలిసిన చోట పడితే ఎవడూ పరాయి నేలమీద పడినట్టు కాదన్నది దాని లోపలి మర్మం. ఇంట్లో జబ్బో చావో ఉండి రాలేకపోతే, ఇంకొకరు ఆ వాకిలి మట్టి తెచ్చి వాళ్ల పేరున పోయవచ్చు. అంతవరకూ సడలింపు ఉంది. ఎవరిది వచ్చింది, ఎవరిది రాలేదన్నది పీరప్ప నోటనే ఉంటుంది. ముసలాయన నోటికి ఎదురు లేదు. ఒకసారి ఓట్లకొచ్చిన నాయకుణ్ని చెప్పులతో సహా గట్టుమీదే నిలబెట్టాడు.

గోదా తవ్వే రోజు సంసోను పొద్దంతా అక్కడే ఉన్నాడు. వైర్లు లాగుతూ, గుంజెక్కి డబ్బాలు కడుతూ, ఒక కన్ను దారిమీదే పెట్టాడు. అందరూ వచ్చారు. ఆర్తి వచ్చి పోసింది. పొద్దు వాలే వేళకు లీయా ఆటోలో వచ్చింది, గట్టు దగ్గర కూర్చుని పోసింది. మట్టి పోయడానికి అంతసేపెందుకు, ప్రార్థన చేసుకుంటోంది కాబోలు అనుకున్నాడు గుంజమీదున్న సంసోను. బాబురావు మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదో మర్నాడు తెలిసింది. బాబురావు తల్లికి ఉన్నట్టుండి జ్వరం పెరిగిపోతే ఆస్పత్రిలో చేర్చారు. ఆ కబురు విని సంసోను ముందు అయ్యో అన్నాడు, క్రైస్తవుడు కాబట్టి. తర్వాత ఆహా అన్నాడు, మేనమామ కాబట్టి. బాబురావు పేరున పిడికెడు మట్టి తెచ్చి పోసేంత ప్రేమ చుట్టుపక్కల ఎవరికుంది గనక? జాతర దాకా ఆయన రోజూ అద్దం ముందు నిలబడి మాటలు సానబెట్టుకున్నాడు. అద్దంలో బట్టతల మెరిసింది, నోట్లో మాటలు అంతకన్నా మెరిశాయి. మట్టి లేని సారుకు మర్యాద మట్టి అయిందని ఒకటి, ఫేటా కట్టే తలకు కోటా అయిపోయిందని ఒకటి, ఇంకా బోలెడు.

శనివారం జాతర. గోదా చుట్టూ జనం గట్టులా పేరుకున్నారు. చెట్లమీద పిల్లలు, ట్రాక్టర్లమీద పెద్దలు. కొబ్బరికాయ బహుమానంగా పిల్లలు పట్టే కుస్తీలు, చిన్న జోడీలు, పెద్ద జోడీలు అన్నీ అయ్యాయి. ఆఖరి కుస్తీ మిగిలింది. తెల్లబట్టల్లో, కొత్త చెప్పులతో, పన్నీరు వాసనతో బాబురావు శంకరప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. పళ్లెంలో జరీ ఫేటా ఎదురుచూస్తోంది. ఆర్తి, లీయా ఇద్దరూ పహిల్వాన్లతో పాటు గట్టుమీద కూర్చున్నారు.

సంసోను గొంతు సవరించుకుని, చేతులు కలపడానికి బాబురావు సారు గోదాలోకి రావాలని తేనె పూసినట్టు పిలిచాడు. బాబురావు చెప్పులు విడిచి, పంచె ఎత్తి, కుడికాలు లేపాడు.

"జర ఆగుండ్రి సార్" అన్నాడు సంసోను మైకులో. "పీరప్ప తాతా, సారు మట్టి ఉన్నదా?"

డప్పు ఆగిపోయింది. లేపిన కాలు గాలిలోనే ఉంది. బాబురావు ముఖంలో రంగు, పంచె రంగు ఒక్కటయ్యాయి. సంసోను బల్ల దిగి వచ్చి, వైరు ఈడ్చుకుంటూ, మైకు ఆయన నోటి దగ్గర పెట్టాడు. ఏం జరిగిందో సారే జనానికి చెప్పుకోవాలని మర్యాదగా అడిగాడు.

"అమ్మకు పాణం బాగలేకుండె. ఆస్పత్రిల ఉన్న నేను" అన్నాడు బాబురావు. "ఇంట్ల కష్టమొచ్చినప్పుడు జర చూడాలె గద."

ఇదే. ఇన్నాళ్లూ అద్దం ముందు సంసోను ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమే. బీదర్ ఆఫీసు గదిలో పడ్డ దెబ్బను వడ్డీతో సహా తిరిగి కొట్టడానికి నోరు తెరిచాడు. జ్వరమొచ్చింది నీకా, మీ అమ్మకా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది.

"ఉన్నది" అన్నాడు పీరప్ప.

సంసోను నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. డబ్బాల్లో ఆయన ఊపిరి మాత్రం బుస్సుమంది.

"సారు వాకిలి మట్టి వచ్చింది. ఆయన పేరున పోసిండ్రు. నేనే తొక్కిన" అన్నాడు ముసలాయన తాపీగా. ఎవరు పోశారని శంకరప్ప కుర్చీలోంచి అడిగాడు. పీరప్ప కర్ర ఎత్తి గట్టువైపు చూపించాడు. "గా పిల్ల."

లీయా జుట్టు ముడేసుకుంటోంది. ముడి పూర్తి చేసి లేచి నిలబడింది.

సొంత మేనకోడలే కాలు పట్టి లాగినట్టయింది సంసోనుకు. మైకు గుండెలమీదకు జారింది. ఇంత కనికరం ఈ పిల్లకు ఎక్కణ్నుంచి వచ్చింది, ఆదివారం బడిలో నేర్పింది తానే కదా అని తనను తానే తిట్టుకున్నాడు.

బాబురావు నమ్మలేనట్టు చూస్తున్నాడు. "నువ్వా? నువ్వెందుకు పోసినవ్?" అన్నాడు మెల్లగా. మైకు దగ్గర్లోనే ఉండబట్టి ఆ మెల్లదనం జాతరంతా వినబడింది.

"ఆ పొద్దు మీరు అమ్మను ఆస్పత్రికి తీసుకపోయింది నా ఆటోలనే సార్. ముఖానికి గుడ్డ ఉండె, మీరు గుర్తువట్టలే. గోదాల మట్టి పొయ్యకపోతె ఊర్ల ఇజ్జత్ పోతదని ఎనక కూసోని ఏడ్సిండ్రు. మిమ్ముల దించినంక మీ గేటు కాడికి పోయి పిడికెడు తీసుకున్న. జ్వరం మీకు రాలే సార్. అమ్మకొచ్చింది. నాకెరుకే. అయినా పోసిన."

జనంలో చాలామందికి సంగతి తెలియదు. తెలిసిన కొందరు పక్కవాళ్ల చెవుల్లో వేశారు. గుసగుస గోదా చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఆ చుట్టు పూర్తయ్యేసరికి అందరి కళ్లూ బాబురావు కాళ్లమీదే ఉన్నాయి. పీరప్ప ఉన్నదనగానే ఆయన లేపిన కాలు గోదాలో పెట్టేశాడు. వెనక్కి తీస్తే మట్టి వద్దన్నట్టు, ముందుకు వేస్తే ఆ పిల్ల పెట్టిన భిక్ష తీసుకున్నట్టు. జరీ ఫేటా మెరుస్తోంది. బాబురావు రెండో కాలూ పెట్టాడు.

శంకరప్పకు న్యాయం కంటే జనం ముఖ్యం. జనం ఎటు వంగుతున్నారో చూసి అటే వంగడంలో ఆయనకు మంచి సాధన ఉంది. ఈ పిల్ల మన కాలేజీదే కదా, కిందటేడు పతకం తెచ్చింది కదా, ఈ ఏడు జట్టులో ఎందుకు లేదని గట్టిగా అడిగాడు.

సంసోనుకు అప్పుడు అర్థమయింది. పిల్ల తన దెబ్బను ఆపలేదు. అంతకంటే పెద్ద దెబ్బకు చోటు చేసింది. సానబెట్టిన మాటలన్నిటినీ ఆయన మింగేశాడు. పుట్టి బుద్ధెరిగాక మైకు చేతిలో ఉండి కూడా నోరు మూసుకోవడం అదే మొదలు. మైకును మాత్రం మళ్లీ బాబురావు నోటి దగ్గరికి చేర్చి, అక్కడే పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి నొప్పి పుట్టినా దించలేదు.

"హాజరు తక్కువయింది సాబ్" అన్నాడు బాబురావు.

"ఎందుకు తక్కువయింది?"

ఎక్కడో జాతర రంగులరాట్నం కిర్రుమంది. "వాళ్ల నాయనకు పక్షవాతం వచ్చి... ఆటో తోలుకుంటాంది."

ఎవరూ అరవలేదు, ఎవరూ నవ్వలేదు. పక్క గదిలోంచి వచ్చిన ఆ కిసుక్కు కూడా రాలేదు. బాబురావుకు అదే భరించరానిదయింది. నవ్వితే కోప్పడవచ్చు. మౌనంతో ఎవరు కలబడతారు?

ఆ పిల్ల పేరు సోమవారం నాటికి తన బల్లమీద ఉండాలని శంకరప్ప తీర్పు చెప్పేశాడు. చప్పట్లు మొదలవబోయాయి. లీయా చెయ్యెత్తింది.

"ఉట్టిగ వద్దు సాబ్. ఆఖరి కుస్తీ కంటె ముందు ఆర్తితోని నాకు జోడీ వెయ్యుండ్రి. ఎవరు గెలిస్తే వాళ్లే పోతరు. చేతులు సారే కలపాలె."

ఆర్తి కిందికి చూస్తూ కూర్చుని ఉంది. అందరూ తనవైపు చూస్తున్నారని తెలిసి లేచింది. ట్రాక్టరు మీదినుంచి ఒక ముసలమ్మ, "టైఫాయిడ్ మొత్తం తగ్గిందా బిడ్డా?" అని ఆప్యాయంగా పరామర్శించింది. అప్పుడు నవ్వారు జనం. ఆర్తి ముఖం ఎర్రబడింది గానీ, వెనకడుగు వేయలేదు. గట్టు దిగి, పిడికెడు మట్టి తీసి చేతులకు రుద్దుకుంది. "తగ్గింది అవ్వా. చూస్కో" అంది.

బాబురావు వాళ్లిద్దరి చేతులూ కలిపాడు. లీయా చెయ్యి పట్టుకున్నప్పుడు ఆయన వేళ్లు చల్లగా ఉన్నాయని ఆమె తర్వాత చెప్పింది.

ఆర్తి చేతగాని పిల్లేం కాదు. మొదట్లోనే లీయా కాళ్లకు జొరబడి ఎత్తి పడేసింది. బోర్లా పడ్డ లీయా వీపు తిప్పనివ్వకుండా మట్టిని కరుచుకుని ఉండిపోయింది. సంసోను మైకులో ఏదైనా అనాలన్న సంగతే మరిచిపోయాడు. కిందినుంచి లీయా మోకాళ్లమీదికి, మోకాళ్లమీదినుంచి పాదాలమీదికి లేచింది. ఆర్తి ఆమె మెడమీద చెయ్యి వేసి తోయబోయింది. ఆ చెయ్యి అందిందే చాలు. లీయా గిర్రున వెనుదిరిగి, ఆ చేతిని భుజంమీదుగా లాగి, చాకలి బండమీద బట్ట వేసినట్టు వేసింది. వస్తాదులు ధోబీ అనే పట్టు అదే. ఆర్తి వీపు నేలకంటింది, కుస్తీ అయిపోయింది. పసుపు కలిసిన ఎర్రమట్టి లేచి బాబురావు తెల్లపంచెమీద పడింది.

గెలిచినవాళ్ల పేరు ఫేటా కట్టుకున్న పెద్దమనిషి మూడుసార్లు పిలవాలి, అదీ ఆ గోదా వాడుకే. బాబురావు నెత్తిమీద ఫేటా కట్టారు. ఎన్నేళ్ల కోరిక. ఆ బరువుకు తల వంగిందో, ఇంకో బరువుకు వంగిందో. ఆయన లీయా పేరు పిలిచాడు.

"వినవడలే సార్" అన్నాడు సంసోను.

ఆ సాయంత్రం మొత్తానికి ఆయన విసిరిన చెణుకు అదొక్కటే. బాబురావు మళ్లీ పిలిచాడు. ఇంకా గట్టిగా మళ్లీ పిలిచాడు.

తిరుగు దారిలో డబ్బాలు ఆటో వెనక వేసుకుని, సంసోను మేనకోడలి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. తనకు ముందే ఎందుకు చెప్పలేదని నిలదీశాడు. చెబితే మైకు ఆపుకోలేవని ఆమె నవ్వింది. ఆ మాట నిజమే కాబట్టి ఆయన వాదించలేదు.

"నేనైతె కనికరం అనుకున్న బిడ్డా."

"కనికరం ఆదివారం మామా. ఇయ్యాల శనివారం." గేరు మార్చింది. "నువ్వు ఆపితె కోపంతోని ఇంటికి పోతుండె. మనల నాలుగు తిట్టి మర్సిపోతుండె. ఇప్పుడు నేను పోసిన మట్టి మీద నిలవడ్డడు. కాళ్లు ఎంత కడుక్కున్నా పోదది."

సోమవారం బాబురావు లీయా పేరు పంపాడు. పేర్లు పంపే ఫారంలో, హాజరు తగ్గడానికి విశేష కారణం అని ఒక గడి ఉంది. తండ్రి అనారోగ్యం అని అందులో రాశాడు. ఆ గడి ఈ ఏడు కొత్తగా వచ్చింది కాదు. మొదటినుంచీ అక్కడే ఉంది, ఖాళీగా.

ఆ సాయంత్రమే లీయా ఫోను మోగింది. బాబురావు తల్లి. మర్నాడు మళ్లీ డాక్టరుకు చూపించుకోవాలట. గతుకుల్లో కూడా ఒళ్లు కదలకుండా తోలిన ఆ పిల్ల ఆటో తప్ప ఇంకోటి ఎక్కనని కొడుకుతో పోట్లాడి, నంబరు అడిగి తీసుకుని, చేసింది ఫోను. మోసెస్ మంచం పక్కన కూర్చుని టీ తాగుతున్న సంసోను చెవులు రిక్కించాడు. పోకు, ఇంకో ఆటో చూసుకొమ్మను అని సైగ చేశాడు.

"వస్త అవ్వా" అంది లీయా. "పొద్దుగాల్నే వస్త. సారును గూడ కూసోమను. ఒక్కదానివి రావద్దు. తప్పకుండ సారు గూడ ఉండాలె."

ఫోను పెట్టేసింది. ఇదేం పని, దారి పొడుగునా వాణ్ని తిట్టడానికా అని సంసోను ఆశగా అడిగాడు. తిట్టడానికైతే తన దగ్గర వాడకుండా మిగిలిపోయిన మాటలు బోలెడున్నాయి, ఇస్తానన్నాడు.

"ఒక్క మాట గూడ మాట్లాడ మామా. ఊకె చూస్త."

లీయా వాకిట్లోకి వెళ్లి, ఆటో ముందు సీటులో కూర్చుని, వెనక సీటు నిండా కనబడేలా అద్దం తిప్పుకుంది.